ఊరిని ముందే అడగాలంటే: జీవవైవిధ్య కమిటీ ఏం చేయగలదు, ఎలా పెట్టుకోవాలి

అమరచింత వేపాకు జపాన్ దాకా వెళ్లింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి వనపర్తి జిల్లాలో ఉన్న ఊరది. అక్కడ సేకరించి ఎండబెట్టిన రెండు వేల కిలోల వేపాకును హైదరాబాద్‌కు చెందిన ఒక కంపెనీ ఎగుమతి చేసింది. అందుకు రాయల్టీగా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు 55,035 రూపాయలు కట్టింది. అందులో 20,000 రూపాయలు అమరచింత జీవవైవిధ్య కమిటీకి చేరాయి. వేప మొక్కలు నాటడానికి, జనంలో అవగాహన పెంచడానికి ఆ డబ్బు ఇచ్చారు.

లెక్కేస్తే కిలోకు ఇరవై ఏడున్నర రూపాయల రాయల్టీ. ఊరి చేతికి వచ్చింది అందులో సగం కూడా లేదు. మొత్తం చిన్నదే, కానీ విషయం చిన్నది కాదు. వాకిట్లో రాలే వేపాకు మీద ఊరికి హక్కు ఉందని చట్టం ఒప్పుకుంది. ఆ హక్కు కింద వచ్చిన డబ్బు తీసుకోవడానికి ఊళ్లో ఒక కమిటీ ఉంది. అది లేకపోతే ఆ ఇరవై వేలు ఎవరి పేరున పంపాలో చెన్నైలో ఎవరికీ తెలిసేది కాదు.

అలాంటి కమిటీ ప్రతి ఊళ్లోనూ ఉండాలన్నది చట్టం మాట. 1992లో రియోలో జరిగిన ధరిత్రి సదస్సులో జీవవైవిధ్య ఒప్పందం కుదిరింది. దాన్ని అమలు చేయడానికి మన పార్లమెంటు 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది. ఆ చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థ, అంటే పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా, తన పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయాలి. 2004 నాటి నియమాల్లో కమిటీకి ఒక అధ్యక్షుడు, ఆరుగురికి మించకుండా సభ్యులు. అందులో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాలి. పదవీకాలం మూడేళ్లు. 2023లో చట్టాన్ని సవరించారు. ఆ సవరణతో సభ్యుల సంఖ్య ఏడు నుంచి పదకొండు దాకా అయింది.

కమిటీ చేయాల్సిన ముఖ్యమైన పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయడం. ఊళ్లో ఏమేం పంటలు, చెట్లు, చేపలు, పక్షులు, పశువుల జాతులు ఉన్నాయి, వాటి గురించి ఎవరికి ఏం తెలుసు అన్నది ఊరివాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసుకోవడం. రెండో పని సలహా చెప్పడం. ఆ ఊరి పరిధిలోని జీవ వనరుల వాడకం మీద జాతీయ సంస్థ గానీ రాష్ట్ర జీవవైవిధ్య మండలి గానీ ఏ నిర్ణయం తీసుకున్నా ముందు ఈ కమిటీని సంప్రదించాలని అదే 41వ సెక్షన్ చెబుతోంది. వ్యాపారం కోసం ఊళ్లో ఆకు, వేరు, బెరడు సేకరించేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేసుకునే అధికారం కూడా కమిటీకి ఉంది. మామూలు సలహా సంఘాలకు ఇంత బలమైన పునాది దొరకడం అరుదు.

మరి ఊళ్లో ఎవరినైనా ఆపి, మీ జీవవైవిధ్య కమిటీ అధ్యక్షుడు ఎవరని అడిగితే?

చాలా ఊళ్లలో జవాబు రాదు. కారణం తెలుసుకోవాలంటే కమిటీలు పుట్టిన తీరు చూడాలి. చట్టం వచ్చిన పన్నెండు, పదమూడేళ్లకు కూడా దేశంలో చాలా స్థానిక సంస్థల్లో కమిటీలు లేవు. 2016లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో దీని మీద కేసు పడింది. 2020 జనవరి 31 లోగా అన్ని స్థానిక సంస్థల్లో కమిటీలు వేసి, రిజిస్టర్లు పూర్తి చేయాలని 2019 ఆగస్టులో ట్రిబ్యునల్ గడువు పెట్టింది. గడువు దాటితే ఆ మరుసటి రోజు నుంచి రాష్ట్రాలు నెలకు పది లక్షల రూపాయల చొప్పున కట్టాలని చెప్పింది. అంతే, కొద్ది కాలంలోనే కమిటీల లెక్క రెండున్నర లక్షలు దాటిపోయింది.

ట్రిబ్యునల్‌ను తప్పుపట్టడానికి లేదు. ఆ ఆదేశం రాకపోతే చాలా ఊళ్లలో కాగితం మీద కూడా కమిటీలు ఉండేవి కావు. అయితే జరిమానా టెన్షన్‌లో, నెలల వ్యవధిలో రాసిన రిజిస్టర్లు ఎలా ఉంటాయో ఊహించడం కష్టమేమీ కాదు. వాటి నాణ్యత మీద అప్పుడే నిపుణులు ప్రశ్నలు లేవనెత్తారు. రిజిస్టర్ అన్నది ఏడాది పొడవునా రాయాల్సిన పుస్తకం. తొలకరిలో మొలిచే ఆకుకూర మాఘమాసంలో కనిపించదు. శీతాకాలంలో చెరువుకు వచ్చే కొంగలు, బాతులు వేసవిలో ఉండవు. వారం రోజుల్లో రాసిన రిజిస్టర్‌లో ఆ వారం కనిపించిన ఊరే ఉంటుంది.

ఇంకో కమిటీ ఎందుకు?

తెలుగు ఊళ్లకు కమిటీలు కొత్త కాదు. 1990ల్లో వన సంరక్షణ సమితులు వచ్చాయి. 1997 చట్టంతో సాగునీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. వాటర్‌షెడ్ కమిటీలు వచ్చాయి. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలు అటవీ హక్కుల కమిటీలు వేసుకున్నాయి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో మొక్కల పెంపకానికి విడిగా స్టాండింగ్ కమిటీ పెట్టారు. అందుకే జీవవైవిధ్య కమిటీ మాట ఎత్తగానే పంచాయతీ కార్యదర్శి ముఖంలో విసుగు కనిపిస్తే ఆయనను తప్పుపట్టలేం. ఈ కమిటీల్లో చాలావాటికి రాత పని ఆయనదే.

అయినా ఈ కమిటీ చేసే పని మిగతావేవీ చేయవు. అది అర్థం కావాలంటే ఒక చెరువు దగ్గరికి వెళ్లాలి.

తెలంగాణలో ఏ ఊరి చెరువు కట్ట మీద నిలబడ్డా ఒకటి కనిపిస్తుంది. ఆ నీళ్లు ఒక్కరివి కావు. తూము కింద ఆయకట్టు రైతులది. నీళ్లలో చేపలు ముదిరాజ్, గంగపుత్రుల మత్స్య సహకార సంఘానివి. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గాక శిఖం భూమిలో మొలిచే పచ్చిక మీద గొల్ల, కురుమల గొర్రెలు మేస్తాయి. కుమ్మరికి మట్టి అక్కడిదే, చాకలి రేవు అక్కడే. తూము ఎప్పుడు ఎంత ఎత్తాలో నీరటికి తెలుసు. వీళ్లలో ఒకరికి కావలసింది ఇంకొకరికి నష్టం. యాసంగి వరికి చివరి తడి ఇవ్వాలని రైతు అడుగుతాడు. ఆ తడి ఇస్తే చేప మిగలదని మత్స్యకారుడు అంటాడు.

సాగునీటి సంఘంలో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లది. గొర్రెల కాపరికి అందులో చోటు లేదు. మత్స్య సంఘంలో సభ్యత్వం చేపలు పట్టేవాళ్లకే. కట్ట, తూము, మత్తడి ఇరిగేషన్ శాఖ చూస్తుంది. నీళ్లలో వదిలే చేపపిల్లల సంగతి మత్స్యశాఖది. ఇంతమందిలో చెరువును మొత్తంగా చెరువుగా చూసేవాళ్లు ఎవరూ లేరు. కొంగకు, తుమ్మచెట్టుకు, జెల్ల, పరిగె లాంటి చిన్న చేపలకు ఓటు లేదు, శాఖ లేదు.

2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద నలభై ఆరు వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టారు. పూడిక తీయడం అవసరమైన పని, అందులో అనుమానం లేదు. కానీ పూడిక ఎక్కడ తీయాలి, ఎంత లోతు తీయాలి, ఏ మూల ముట్టుకోకుండా వదలాలి అన్న ప్రశ్నలకు ఎస్టిమేట్ కాగితాల్లో జవాబు దొరకదు. వేసవిలో చివరిదాకా నీళ్లు నిలిచే మడుగు ఏదో చేపలు పట్టేవాళ్లకు తెలుసు. కొర్రమట్ట ఆ బురదలోనే ఎండాకాలం గడుపుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే. కొంగలు ఏ తుమ్మల మీద గూళ్లు కడతాయో గొర్రెల కాపరికి తెలుసు. మడుగు చదును అయ్యాక, తుమ్మలు కొట్టేశాక వాళ్లను అడిగితే ఏం లాభం? ఆ మాటలు పని మొదలుకాక ముందే ఒక పుస్తకంలో ఉండాలి. ఆ పుస్తకాన్ని ఇంజనీరు ముందు పెట్టడానికి హక్కు ఉన్న మనిషి ఒకరు ఉండాలి. జీవవైవిధ్య కమిటీ అంటే ఇంతే.

తెలంగాణ పంచాయతీ చట్టం మొక్కల విషయంలో గట్టిగానే ఉంది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచ్, కార్యదర్శి జవాబు చెప్పాలి. మంచి నిబంధనే. అయితే నాటిన మొక్కకు లెక్క ఉంది గానీ, ఎప్పటి నుంచో ఉన్న చెట్టుకు ఇంత గట్టి లెక్క లేదు. రోడ్డు వెడల్పులో పోయే మర్రిని ఎవరూ రిజిస్టర్‌లో కొట్టేయరు, ఎందుకంటే అది ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కలేదు.

బీలను బీడు అన్నప్పుడు

రాసిపెట్టకపోతే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూపించింది. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆ మంచినీటి చిత్తడి నేలను అక్కడివాళ్లు బీల అంటారు. ఆ నీళ్లతో చుట్టుపక్కల ఊళ్లు సాగు చేసుకుంటాయి, చేపలు పడతాయి, పశువులు మేపుకుంటాయి. అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, కాగితాల్లో ఆ నేలను పెద్దగా పనికిరానిదిగా చూపించారు. బీలలో పుట్టి పెరిగినవాళ్లకు అది అన్నం పెట్టే నేల. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగి మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ సమయంలోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది.

అనుమతి రద్దవడానికి అది చిత్తడి నేల అని రుజువు కావాల్సి వచ్చింది. మూడు తరాలుగా అక్కడ బతికినవాళ్లకు తెలిసిన సంగతి అది. దాన్ని రుజువు చేయడానికి ఉద్యమం చేయాలి, బయటి నుంచి శాస్త్రవేత్తలు రావాలి, అథారిటీ దాకా వెళ్లాలి. అంతలోపు తూటాలు పేలాయి. ప్రతిపాదన రాకముందే ప్రతి ఊరి కమిటీ దగ్గర ఒక రిజిస్టర్ ఉండి, అందులో బీల విస్తీర్ణం, ఎండాకాలం నీటి మట్టం, పట్టే చేపలు, వచ్చే పక్షులు, దాని మీద బతికే కుటుంబాలు రాసి ఉంటే కంపెనీ నివేదిక ఆ నేలను పనికిరానిదని అంత తేలిగ్గా రాయగలిగేదా? రిజిస్టర్ ఒక్కటే ప్రాజెక్టును ఆపేస్తుందని చెప్పలేం. కానీ వాదన మొదలయ్యే చోటు మారేది. ఇది చిత్తడి నేలేనా అన్న ప్రశ్న దగ్గర నెలలు పోయేవి కావు.

రాత విలువ ఏమిటో పసుపు కూడా చెప్పింది. గాయానికి పసుపు పెట్టడం మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1995లో అమెరికా పేటెంట్ కార్యాలయం దాని మీద ఒక విశ్వవిద్యాలయానికి పేటెంట్ ఇచ్చింది. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధనా సంస్థ సీఎస్‌ఐఆర్ దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. అందుకు ఆధారాలుగా పెట్టినవి పాత పుస్తకాలు, పత్రికల్లో అచ్చయిన వ్యాసాలు. మా అమ్మమ్మ ఇలాగే పెట్టేది అంటే పేటెంట్ కార్యాలయం ఒప్పుకోదు, రాసి ఉన్నదే చూస్తుంది. పసుపు అంతటి ప్రసిద్ధమైన వస్తువుకు పుస్తకాలు దొరికాయి. ఒక తండాలో ఒక్క ముసలామెకు మాత్రమే తెలిసిన ఆకు పసరుకు ఏ పుస్తకం దొరుకుతుంది?

రిజిస్టర్‌లో ఒక పేజీ

ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఆలోచనను 1990ల్లో ముందుకు తెచ్చినవారిలో పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ ముఖ్యులు. జాతీయ సంస్థ ఇచ్చిన నమూనాలో ఫారాలు చాలా ఉంటాయి. పంటలకు ఒకటి, పండ్ల చెట్లకు ఒకటి, మేతకు, కలుపుకు, పంట పురుగులకు ఒక్కొక్కటి. పశువుల సంతలకు ఒకటి. మనుషులకు, నేలకు, నీళ్లకు విడివిడిగా.

ఆ ఫారాల్లో ఒక గడి మీద ప్రత్యేకంగా చూపు నిలపాలి. ప్రతి పంటకు, ప్రతి చెట్టుకు స్థానికంగా దాని పరిస్థితి రాయమంటారు. అందులో రెండు భాగాలు: గతంలో, ఇప్పుడు. చూడటానికి చిన్న గడి. నింపడం మొదలుపెడితే ఊరి చరిత్ర మొత్తం బయటికి వస్తుంది. కొర్రలు అని రాసి, గతంలో అన్నచోట 'ప్రతి ఇంట్లో', ఇప్పుడు అన్నచోట 'ఇద్దరు రైతులు' అని రాశారనుకుందాం. వెంటనే నాలుగు ప్రశ్నలు పుడతాయి. ఎప్పుడు పోయింది? బోర్లు వచ్చాకా, పత్తి వచ్చాకా? ఆ ఇద్దరి దగ్గర విత్తనం ఎక్కడిది? వాళ్లు వేయడం మానేస్తే? ఒక గడి నింపడానికి ఒక పూట పట్టేది ఇందుకే. బయటి నుంచి వచ్చిన మనిషి ఈ గడిని ఒక్క మాటతో, 'తగ్గింది' అని, నింపి పేజీ తిప్పేస్తాడు.

ఆ గడిని నింపగలిగినవాళ్లు ఎవరు? జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఏటా నడిపే పాత పంటల జాతర చూసినవాళ్లకు దీనికి జవాబు తెలుసు. ఎడ్లబండ్ల మీద కుండల్లో, బుట్టల్లో విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే ఆ జాతరకు పెద్ద దిక్కు దళిత మహిళా రైతులు. ఒక ఎకరంలో ఎన్ని రకాలు కలిపి వేయాలో, ఏ విత్తనానికి బూడిద పట్టించాలో, దేనికి వేపాకు కలపాలో వాళ్లు చూడకుండా చెబుతారు. రిజిస్టర్ రాసేటప్పుడు కమిటీలో అలాంటివాళ్లు ఉంటే ఆ పుస్తకం వేరు. లేకపోతే వేరు.

కాబట్టి కమిటీలో ఎవరు కూర్చుంటారు అన్నదాని మీదే సగం పని ఆధారపడి ఉంది. చట్టం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు వాటా పెట్టింది గానీ తెలిసినవాళ్లకు వాటా పెట్టలేదు. పంచాయతీ పాలకవర్గం సాధారణంగా చేసేది వార్డు సభ్యుల పేర్లే ఇక్కడా రాసేయడం. వాళ్లకు చెడు ఉద్దేశం ఉండనక్కర్లేదు, అదే సులువైన దారి కాబట్టి అలా జరుగుతుంది. ఈ దారి మూసేయాలి. చేపలు పట్టే ఒకరు, మందలు కాసే ఒకరు, పాత విత్తనం దాచుకున్న ఒక మహిళా రైతు, నాటువైద్యం తెలిసిన ఒకరు, అడవి దగ్గరి ఊరైతే తేనె, కరక్కాయ, ఉసిరి ఏరుకొచ్చే ఒకరు, ఊళ్లోని హైస్కూలులో జీవశాస్త్రం చెప్పే టీచరు. టీచర్ ఉంటే లాభం ఏమిటంటే మిగతావాళ్లు చెప్పింది రాయడానికి పిల్లలు దొరుకుతారు. తొమ్మిదో తరగతి పిల్లలు తమ తాతను అడిగి రాసిన నాలుగు పేజీలు కన్సల్టెంట్ రాసిన నలభై పేజీల కన్నా నమ్మదగినవి.

ఇంకో జాగ్రత్త. అన్నీ రాసి అందరికీ తెరిచి పెట్టడం కూడా ప్రమాదమే. ఏ ఆకు ఏ జబ్బుకు పనికొస్తుందో, అది ఏ గుట్ట మీద ఏ పక్కన దొరుకుతుందో రాసేస్తే, ఆ పేజీ ఫొటో తీసుకున్న వ్యాపారి నెలలో గుట్టను ఖాళీ చేస్తాడు. ఎర్రచందనం కథ తెలిసిన శేషాచలం చుట్టుపక్కల ఊళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. చెప్పినవాళ్ల అనుమతి లేకుండా వైద్య జ్ఞానం ఎవరికీ చూపించకూడదు. ఏ పేజీలు గ్రామసభలో చదవొచ్చు, ఏవి బీరువాలో ఉండాలి అన్నది కమిటీ మొదటి సమావేశంలోనే తేల్చుకోవాలి.

సలహా అడిగే తేదీ ఎవరు రాస్తారు?

సలహా సంఘం అనగానే చాలామంది చప్పరించేస్తారు, దానికి అధికారం ఏముంది, ఎవరు వింటారు అని. ఈ అభ్యంతరంలో నిజం ఉంది. చట్టం 'సంప్రదించాలి' అంటుంది గానీ 'ఒప్పుకోవాలి' అనదు. అయినా అసలు దెబ్బ ఇక్కడ తగలడం లేదు. ఎప్పుడు అడగాలి, ఎన్ని రోజులు టైమ్ ఇవ్వాలి, సలహాను పక్కన పెడితే కారణం ఎక్కడ రాయాలి అన్న మూడింటికీ ఊరి స్థాయిలో జవాబు లేకపోవడమే అసలు లోపం. టెండర్ పిలిచాక అడిగే సలహాకు విలువ ఉండదు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం దగ్గర ఈ విషయంలో నేర్చుకోవాల్సింది ఉంది. 1957లో ఆ రాష్ట్రం పట్టణాలు, ఊళ్లు తమ సొంత సంరక్షణ కమిషన్లు పెట్టుకోవడానికి చట్టం చేసింది. ముగ్గురు నుంచి ఏడుగురు సభ్యులు, మూడేళ్ల పదవి, అది కూడా అందరిదీ ఒకేసారి ముగియకుండా. మొదట్లో అవి కేవలం సలహా సంఘాలు. వాటికి అప్పగించిన పనుల్లో ముఖ్యమైనది ఊళ్లోని ఖాళీ స్థలాలు, చిత్తడి నేలల జాబితా తయారుచేసి ఉంచుకోవడం. పదిహేనేళ్ల తర్వాత, 1972లో చిత్తడి నేలల రక్షణ చట్టం వచ్చినప్పుడు, అనుమతులు చూసే పనిని రాష్ట్రం ఈ కమిషన్లకే అప్పగించింది. చిత్తడి నేల దగ్గర ఏదైనా కట్టాలంటే ముందు ఊరి కమిషన్‌కు దరఖాస్తు పెట్టాలి, కమిషన్ బహిరంగ విచారణ జరిపి షరతులు రాస్తుంది. ఇప్పుడు ఆ రాష్ట్రంలోని 351 నగరాలు, పట్టణాల్లోనూ అవి పనిచేస్తున్నాయి. పక్కనే ఉన్న న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకో పద్ధతి ఉంది. ఊరి సలహా మండలి ఖాళీ స్థలాల జాబితా, మ్యాపు పూర్తి చేసి, స్థానిక పాలకవర్గం దాన్ని ఆమోదిస్తే ఆ మండలికి బోర్డు హోదా ఇవ్వవచ్చు. ఆ తర్వాత జాబితాలోని స్థలాలకు సంబంధించిన దరఖాస్తులు దాని ముందుకు వస్తాయి.

రెండు చోట్లా క్రమం ఒక్కటే: ముందు జాబితా, తర్వాత అధికారం. మన చట్టంలోనూ రిజిస్టర్ ఉంది, సంప్రదింపు ఉంది. రెండింటినీ కలిపే దారం లేదు. రిజిస్టర్‌లో ఎక్కిన చెరువు, గుట్ట, చెట్టు జోలికి వెళ్లే ఏ పని అయినా ముందు కమిటీ ముందుకు రావాలన్న ఒక్క నిబంధన ఉంటే చాలు, కమిటీ సభ్యులు రిజిస్టర్‌ను తమంతట తాము జాగ్రత్తగా రాస్తారు. దీనికి ఢిల్లీలో చట్టం మారే దాకా ఆగక్కర్లేదు. ఏ పంచాయతీ అయినా తన పనులకు సంబంధించినంత వరకు తీర్మానం చేసుకోవచ్చు. సీసీ రోడ్డు, డంపింగ్ యార్డు, శ్మశానవాటిక, చెరువు కట్ట మీద పార్కు వంటివి ఊరే నిర్ణయించేవి.

హోదా ఒక్కటే వస్తే ఏమవుతుందో అమీన్‌పూర్ చెరువు చూపిస్తుంది. హైదరాబాద్ అంచున, సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక నగరం పక్కనున్న చెరువుకు ఈ గుర్తింపు దక్కడం అదే మొదలు. గుర్తింపు వచ్చాక కూడా చుట్టూ కాలనీలు పెరిగాయి, మురుగు చేరుతోందన్న వార్తలు ఆగలేదు. కాలువలో మురుగు కలిసిన రోజునే చూసి, రాసి, ఫిర్యాదు పెట్టే మనుషులు కావాలి. గెజిట్ ఆ పని చేయదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. చట్టంలోని 43వ సెక్షన్ స్థానిక జీవవైవిధ్య నిధి పెట్టమంటోంది. 2014 నాటి నిబంధనల్లో జీవ వనరులు కొనే వ్యాపారులు కొనుగోలు ధర మీద ఒకటి నుంచి మూడు శాతం, తయారీదారులు మూడు నుంచి ఐదు శాతం చెల్లించే పద్ధతి పెట్టారు. అలా రాష్ట్ర మండలి ద్వారా వచ్చే డబ్బులో 95 శాతం కమిటీలకు, హక్కుదారులకు వెళ్లాలన్నారు. భారతీయ కంపెనీలు కూడా ఈ వాటా చెల్లించాల్సిందేనని 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. తర్వాత 2023 సవరణ ఆయుష్ వైద్యులకు, గ్రంథాల్లో ఎక్కిన సంప్రదాయ జ్ఞానం వాడేవాళ్లకు మినహాయింపులు ఇచ్చింది. దీనితో ఊళ్లకు రావాల్సిన వాటాకు గండి పడుతుందన్న ఆందోళన న్యాయమైనదే. ఏదేమైనా అమరచింతలా అందరికీ డబ్బు రాదు. చాలా ఊళ్లకు ఎగుమతి అయ్యే సరుకే ఉండదు. రాయల్టీ వస్తుందని ఆశ చూపి కమిటీ వేస్తే రెండో ఏడాదికే అందరూ మానేస్తారు. రిజిస్టరు, పెన్నులు, ఏడాదికి నాలుగు సమావేశాల టీ ఖర్చు, ఒక జీపీఎస్ ఉన్న ఫోను పంచాయతీ సాధారణ నిధుల నుంచే పెట్టుకోగలిగినంత చిన్న ఖర్చు.

2025 డిసెంబరు ఎన్నికల తర్వాత తెలంగాణ పంచాయతీల్లో కొత్త పాలకవర్గాలు కూర్చున్నాయి. పాత కమిటీ ఉందో లేదో, ఉంటే దాని గడువు ఎప్పుడు ముగిసిందో చూడటానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. ముందుగా కార్యదర్శి బీరువాలోంచి 2020 నాటి రిజిస్టర్ బయటికి తీయించాలి. అది దొరికితే గ్రామసభలో పెట్టి, పది పేజీలు పైకి చదవాలి. చదువుతుంటే జనంలోంచి 'ఆ చెట్టు ఇక్కడ లేదు', 'ఆ చేప పేరు అది కాదు', 'మా బావి సంగతి రాయలేదు' అన్న మాటలు వస్తాయి. ఆ మాటలు అన్నవాళ్ల పేర్లు రాసుకుంటే కమిటీకి సభ్యులు దొరికినట్టే.

తర్వాత పంచాయతీ సమావేశంలో పెట్టాల్సిన తీర్మానం పెద్దదేమీ కాదు. ఇలా ఉంటే చాలు:

'మన గ్రామ జీవవైవిధ్య యాజమాన్య కమిటీని నియమాల ప్రకారం పునర్వ్యవస్థీకరించడమైనది. రిజిస్టర్‌లో నమోదైన చెరువు, కుంట, వాగు, గుట్ట, చెట్ల తోపులకు సంబంధించిన ఏ పనికైనా ఎస్టిమేట్ వేయకముందే కమిటీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. కమిటీ ముప్పై రోజుల్లో తన అభిప్రాయం రాసి ఇవ్వాలి. పంచాయతీ దానికి భిన్నంగా నిర్ణయిస్తే కారణాన్ని తీర్మానంలోనే రాసి, తర్వాతి గ్రామసభలో చదివి వినిపించాలి.'